మందు అయ్యాక మందు: ఎన్నాళ్లు ఆగాలి?

తెలుగులో రోగానికి మింగేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే. మొదటిది వాడుతున్నన్నాళ్లూ రెండోది ముట్టకూడదన్న మాట మన ఇళ్లలో పథ్యంలా పాతుకుపోయింది. పచ్చకామెర్లకు నూనె మానినట్టు, యాంటీబయాటిక్‌కు సారా మానాలి. పథ్యమన్నాక దాన్ని విడిచే రోజొకటి ఉండాలి కదా. అక్కడే చిక్కు మొదలవుతుంది. గోలీల పట్టీ ఖాళీ అయిన మర్నాడు తాగొచ్చా, మూడు రోజులు ఆగాలా, వారమా? ఒక డాక్టరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. మందుల పెట్టెలో మడతపెట్టి ఉన్న కాగితం మరో మాట చెబుతుంది.

ఈ చర్చను సూరత్ దగ్గర నిలబడి చూస్తే దాని ముడులన్నీ కనిపిస్తాయి. తెలంగాణ పల్లెల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వెళ్లి లింబాయత్, ఉధనా వైపు స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలున్న ఊరది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో టెట్రాసైక్లిన్ గోలీల కోసం ఎగబడ్డ ఊరు. వానాకాలం వస్తే చుట్టుపక్కల పొలాల్లో ఎలుక జ్వరానికి డాక్సీసైక్లిన్ పంచే ప్రాంతం. వీటన్నిటితో పాటు మద్యనిషేధం అమల్లో ఉన్న గుజరాత్‌లోని నగరం. యాంటీబయాటిక్ చేతిలో ఉంటుంది, తాగుడూ ఉంటుంది, తాగుతానని డాక్టరుకు చెప్పడానికి మాత్రం నోరు రాదు.

భయం ఎక్కడ పుట్టింది

ఈ భయానికి మూలం యాంటీబయాటిక్ కాదు, రబ్బరు. 1937లో అమెరికాలో ఒక కర్మాగారపు వైద్యుడు, రబ్బరు తయారీలో వాడే థయురాం రసాయనాల మధ్య పనిచేసే కార్మికులు కాస్త తాగినా తట్టుకోలేకపోతున్నారని గమనించాడు. పదేళ్ల తర్వాత కోపెన్‌హాగెన్‌లో ఎరిక్ యాకబ్సెన్, యెన్స్ హాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కుటుంబానికే చెందిన డైసల్ఫిరామ్‌ను కడుపులో పురుగులకు మందుగా పరీక్షిస్తూ, దాన్ని వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు కావడం చూశారు. తాగుడు మాన్పించే మందుగా అది 1948 నుంచి లోకానికి తెలిసింది.

లోపల జరిగేది ఇది. మద్యాన్ని కాలేయం రెండు అంచెల్లో విరుస్తుంది. మొదటి అంచెలో అది అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం అవుతుంది, రెండో అంచెలో ఆ విషం విరిగి అసిటేట్ అవుతుంది. డైసల్ఫిరామ్ రెండో అంచెకు అడ్డం పడుతుంది. విషం రక్తంలో పేరుకుపోతుంది. యాంటీబయాటిక్ మీద తాగినవాడికి వాంతులైన ప్రతిసారీ వైద్యులు ఈ బొమ్మనే గుర్తు చేసుకున్నారు. చాలాసార్లు ఆ పోలిక సరిపోలేదు.

ఈ భయానికి రెండో పాయ సుఖవ్యాధుల క్లినిక్కులది. రెండో ప్రపంచయుద్ధంలో పెన్సిలిన్ ఎంత అరుదైందంటే రోగి మూత్రంలోంచి దాన్ని తిరిగి వెలికితీసి వాడేవారు. గాయపడ్డ సైనికులు బీరు తాగితే మూత్రం ఎక్కువై ఆ పని కష్టమవుతుందని బీరు ఆపించారన్న కథ బ్రిటిష్ వైద్యుల్లో చెప్పుకుంటారు. యుద్ధం తర్వాత గనేరియా, సిఫిలిస్ రోగులకు తాగొద్దని చెప్పడానికి మరో కారణం తోడైంది. తాగిన మత్తులో, రోగం పూర్తిగా తగ్గకముందే, ఇంకొకరికి అంటిస్తారేమోనని. ఈ రెండు కారణాల్లోనూ రసాయనం ఊసే లేదు. కారణాలు మరుగునపడ్డాయి, నిషేధం మాత్రం నిలిచింది. తర్వాతి తరాలవాళ్లు దానికి రసాయన కారణం వెతికి తగిలించారు.

మెట్రోనిడజోల్ తగువు

అసలు వాదమంతా ఈ ఒక్క మందు చుట్టూ తిరుగుతుంది. విరేచనాలకూ పంటి చీముకూ మన దగ్గర డాక్టరును అడక్కుండానే కొనుక్కునే గోలీ ఇది. 1960 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. 1964లో ఒక అమెరికన్ వైద్యురాలు, దీన్ని వాడిన వారికి తాగుడు మీద మనసు తగ్గుతోందని, తాగితే ఒంటికి పడడం లేదని రాసింది. తాగుడు మాన్పించే కొత్త మందు దొరికిందని కొన్నేళ్లు ఆశపడ్డారు. తర్వాతి పరీక్షల్లో ఆ ఆశ నిలవలేదు. అయినా, పడదన్న మాట మాత్రం పెట్టెలోని కాగితం మీదికి ఎక్కి అక్కడే ఉండిపోయింది.

1996లో ఒక యువతి ఆకస్మిక మరణానికి మెట్రోనిడజోల్, మద్యం కలయికే కారణమని ఒక శవపరీక్షా నివేదిక వచ్చింది. ఆ ఒక్క నివేదిక భయాన్ని రెట్టింపు చేసింది. 2000లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అప్పటిదాకా అచ్చయిన ఉదంతాలన్నీ తవ్వి చూసి, ఏ ఒక్కదాంట్లోనూ మందే కారణమని గట్టిగా నిలబెట్టే ఆధారం లేదన్నారు. 2002లో ఫిన్‌లాండ్‌లో పన్నెండు మంది ఆరోగ్యవంతులను తీసుకుని సగం మందికి ఐదు రోజులు మెట్రోనిడజోల్, మిగతా వారికి ఉత్త గోలీ ఇచ్చి, ఆపైన కొలిచి మద్యం పోశారు. రక్తంలో అసిటాల్డిహైడ్ పెరగలేదు. ముఖం ఎర్రబడలేదు, గుండె వేగంలో తేడా రాలేదు.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2015 సుఖవ్యాధుల మార్గదర్శకాల్లో మెట్రోనిడజోల్ అయ్యాక 24 గంటలు, టినిడజోల్ అయ్యాక 72 గంటలు మద్యం మానాలని రాసింది. 2021 సంచికలో అదే కేంద్రం, ఈ మందులు వాడుతూ మద్యం మానాల్సిన అవసరం లేదని తేల్చింది. ఆరేళ్లలో మాట తిరగబడింది. అదే దేశంలో మందు పెట్టెలోని కాగితం మాత్రం కోర్సు అయ్యాక కూడా మూడు రోజులు ఆగమనే చెబుతోంది. బ్రిటన్ ఆరోగ్య సేవ రెండు రోజులంటుంది. ఒకే గోలీ, ఒకే కాలేయం, మూడు మాటలు.

పన్నెండు మంది మీద చేసిన పరీక్ష చిన్నదన్న విమర్శ న్యాయమైనదే. అందులో ఇచ్చిన మోతాదు 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు. మన దగ్గర 400 మిల్లీగ్రాముల చొప్పున మూడుసార్లు రాయడం మామూలే. పోసిన మద్యమూ పెళ్లి విందులో తాగేంత కాదు. కాబట్టి ఆ పరీక్ష 'ప్రమాదం లేదు' అని నిరూపించిందనడం పొరపాటు. 'ప్రమాదం ఉంది' అన్న మాటకు నిలబడడానికి నేల లేదని చూపింది. ఈ రెండిటికీ తేడా ఉంది. ఆ తేడాను చర్చలో ఇరుపక్షాలూ తరచు మరిచిపోతున్నాయి.

రెండు రోజులు, మూడు రోజులు: లెక్క ఎక్కడిది

ఒంట్లోని మందు సగానికి పడిపోవడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఐదు అర్ధాయువులు గడిస్తే మందు దాదాపు పోయినట్టే లెక్క. మెట్రోనిడజోల్‌కు ఇది సుమారు 8 గంటలు, ఐదింతలు 40 గంటలు. అంటే రెండు రోజుల లోపే. టినిడజోల్‌కు 12 నుంచి 14 గంటలు, ఐదింతలు 60 నుంచి 70. అదే మూడు రోజులు. పథ్యం గడువులు ఇలా వచ్చాయి తప్ప, రెండో రోజు తాగినవారిని, మూడో రోజు తాగినవారిని పోల్చి చూసి కాదు.

ఈ లెక్కనే అజిత్రోమైసిన్‌కు వర్తింపజేసి చూడండి. దాని అర్ధాయువు 68 గంటలు. మూడు రోజుల కోర్సు వాడినవాడు రెండు వారాలు ఆగాలి. ఎవరూ అలా చెప్పరు, చెప్పనక్కర్లేదు కూడా. మద్యంతో దానికి పేచీ లేదు కనుక ఒంట్లో ఉన్నా ఇబ్బంది లేదు. అమాక్సిసిలిన్ అర్ధాయువు గంట, దానికీ పేచీ లేదు. సెఫోపెరజోన్‌ది తలకిందుల కథ. దాని అర్ధాయువు రెండు గంటలే అయినా, సూది వేసిన 72 గంటల్లో తాగితే ముఖం ఎర్రబడి, చెమటలు పట్టి, గుండె దడ పుట్టిన ఉదంతాలున్నాయి. ఐదో రోజు వరకూ జాగ్రత్త చెప్పిన కాగితాలూ ఉన్నాయి. మందు వెళ్లిపోయినా, అది దెబ్బతీసిన రెండో అంచె ఎంజైము మళ్లీ తయారయ్యేదాకా కాలేయం తేరుకోదు. అందువల్ల 'అన్ని యాంటీబయాటిక్‌లకూ మూడు రోజులు' అన్న ఏకసూత్రం కొందరికి ఉత్తిపుణ్యానికి మూడు రోజుల పథ్యం పెడుతుంది, ఇంకొందరికి చాలదు.

తగువు లేని చోట

2020లో అమెరికాలో వెలువడ్డ ఒక పెద్ద సమీక్ష యాంటీబయాటిక్‌లన్నిటినీ వరుసగా పరిశీలించి, నిషేధానికి గట్టి ఆధారం ఉన్నవి కొన్నే అని తేల్చింది. పెన్సిలిన్ కుటుంబానికి ఆధారం దొరకలేదు. సెఫలోస్పోరిన్‌లలో ఒకానొక గంధకపు కొస తగిలించుకున్నవి మాత్రమే ప్రమాదకరం. సెఫోపెరజోన్ అందులో ఒకటి. మన ఆస్పత్రుల్లో సల్‌బాక్టమ్‌తో కలిపి విరివిగా ఎక్కించేది అదే. ఆపరేషన్ తర్వాత డిశ్చార్జి అయ్యే రోగికి, తాను తీసుకున్న సూదులు ఏమిటో, ఇంకా ఎన్నాళ్లు ఆగాలో చెప్పే మాట ఆ డిశ్చార్జి కాగితం మీద ఉండాలి.

లైనజోలిడ్ తీరు వేరు. మద్యంతో కాదు, పులిసిన పదార్థాల్లోని టైరమిన్‌తో దానికి పేచీ. పీపాలోంచి పట్టిన బీరు, రెడ్ వైన్ ఎక్కువగా పడితే రక్తపోటు ఒక్కసారిగా పెరగొచ్చు. మొండి క్షయకు ఇచ్చే కొత్త మందుల జతలో ఇది ముఖ్యమైనది కనుక నెలల తరబడి ఈ జాగ్రత్త పాటించాలి.

మామూలు క్షయ మందులది అన్నిటికన్నా బరువైన విషయం. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయం మీద భారం వేసేవే. రోజూ తాగేవాడి కాలేయం అప్పటికే అలసి ఉంటుంది. ఆరు నెలల కోర్సులో ఇక్కడ 'అయ్యాక ఎన్నాళ్లు' అన్న ప్రశ్న కన్నా 'వాడుతుండగా' అన్న ప్రశ్నే ప్రాణాంతకం. క్షయ విషయంలో మద్యం పూర్తిగా మానమనడాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదు, ఆ సలహా అక్షరాలా సరైనది.

సూరత్‌లో డాక్సీసైక్లిన్

దక్షిణ గుజరాత్‌లో సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాలు లెప్టోస్పిరోసిస్‌కు, అంటే ఎలుక జ్వరానికి, పేరుపడ్డవి. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన వాననీళ్లలో, వరి మడుల్లో, చెరకు తోటల్లో కాళ్లు తడుపుకునే కూలీలకు పగుళ్లలోంచి అంటుకుంటుంది. ముదిరితే కామెర్లు, కిడ్నీల వైఫల్యం. వ్యాధి ఉధృతంగా ఉండే వారాల్లో ముందుజాగ్రత్తగా వారానికొకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇవ్వడం ఇక్కడ అమలైన పద్ధతి. దానికి బలం 1984లో పనామా అడవుల్లో శిక్షణలో ఉన్న 940 మంది అమెరికన్ సైనికుల మీద జరిగిన పరీక్ష. మందు తీసుకున్న వారిలో ఒక్కరికి, తీసుకోని వారిలో ఇరవై మందికి జబ్బు వచ్చింది.

ఇప్పుడు దాని పక్కన 1976 నాటి ఒక ఫిన్‌లాండ్ అధ్యయనాన్ని పెట్టండి. ఏళ్ల తరబడి తాగేవారి ఒంట్లో డాక్సీసైక్లిన్ అర్ధాయువు సుమారు పదిన్నర గంటలే. తాగనివారిలో అది పద్నాలుగున్నర దాటింది. నిత్యం మద్యం విరిచి విరిచి కాలేయపు ఎంజైములు చురుకెక్కి, మందునూ తొందరగా తోసేస్తాయి. ఒక్క సాయంత్రం తాగితే ఇది జరగదు, నిత్యం తాగితేనే. పనామా సైనికుల లెక్క ఆరోగ్యంగా ఉన్న యువకులకు కట్టింది. మడిలో దిగే ముందూ దిగొచ్చాకా తాటికల్లు, ఇప్పసారా పుచ్చుకునే యాభై ఏళ్ల కూలీ ఒంట్లో అదే వారపు గోలీ అంతే రక్షణ ఇస్తుందా? ఇక్కడ భయం వాంతుల గురించి కాదు, మందు చాలకపోవడం గురించి. ఎలుక జ్వరం దాడి చేసేదీ, తాగుడు పాడుచేసేదీ ఒకే కాలేయాన్ని. మెట్రోనిడజోల్ మీద ఖర్చుపెట్టిన వాదనలో పదో వంతు ఈ ప్రశ్న మీద పెట్టి ఉంటే దక్షిణ గుజరాత్ కూలీకి ఎంతో మేలు జరిగేది.

చిన్నదే అయినా ఇంకో మాట. డాక్సీసైక్లిన్ గోలీ గొంతుకింద ఆగిపోతే అన్నవాహికకు పుండు పడుతుంది. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని కాసేపు కూర్చోవాలి. రాత్రి తాగొచ్చి, గుక్కెడు నీళ్లతో మింగి, అలాగే వాలిపోయేవాడికి ఈ ముప్పు ఎక్కువ.

మూడు వైఖరులు

మొదటిది పూర్తి నిషేధపు పక్షం: ఏ యాంటీబయాటిక్ అయినా, అయ్యాక మూడు రోజుల దాకా చుక్క ముట్టొద్దు. గుర్తుపెట్టుకోవడం తేలిక, ఏ గోలీలో ఏముందో తెలియని రోగికి రక్ష. ఇది మన దేశంలో మరీ నిజం. విరేచనాలకు ఇచ్చే గోలీల్లో ఓఫ్లాక్సాసిన్‌తో ఆర్నిడజోల్ కలిసి ఉంటుంది. రోగికి రెండు పేర్లూ తెలియవు. ఆ ఆర్నిడజోల్ తన చుట్టాలైన మెట్రోనిడజోల్, టినిడజోల్‌లా ఎంజైమును అడ్డుకోదని యూరపులో కొన్ని కాగితాలే రాశాయి, ఇంకొన్నిచోట్ల మాత్రం మద్యం వద్దనే ఉంటుంది.

రెండోది ఆధారాల పక్షం: మందుమందుకూ తేడా చెప్పాలి, లేని భయం పెట్టకూడదు. మూడోది ఇద్దరి మధ్యా నిలబడి, రసాయనం సంగతి పక్కనపెట్టి, జ్వరంతో నీరసించిన ఒంటికి మద్యం నీటిని లాగేస్తుంది, నిద్ర చెడగొడుతుంది, తలతిరుగుడూ వికారమూ రెండింతలు చేస్తుంది కనుక తేరుకునేదాకా మానడమే మేలంటుంది. ఈ మూడో వాదన బలం దాని నిజాయితీలో ఉంది. మందు పడదని బెదిరించదు, ఒళ్లు తట్టుకోదని చెబుతుంది.

మొదటి పక్షానికి ఒక లోపం ఉంది, దాని మీద చాలినంత చర్చ జరగలేదు. హెచ్ఐవీ మందుల మీద పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త సెత్ కాలిచ్‌మన్ బృందం, మద్యమూ మందూ కలిస్తే విషమని నమ్మినవారు తాగాలనుకున్న రోజున తాగుడు కాదు, గోలీ మానేస్తున్నారని చూపించింది. యాంటీబయాటిక్‌కూ ఇది వర్తిస్తుందని నా నమ్మకం. పండుగ రోజు, జీతం రోజు, ఊరి పెళ్లి రోజు కోర్సు మధ్యలో పడితే, పూర్తి నిషేధం విన్నవాడి చేతిలో రెండు దారులే ఉంటాయి. ఎక్కువమంది ఎంచుకునేది ఏదో ఊహించడం కష్టం కాదు. తెగిన కోర్సు రోగాన్ని మళ్లీ తెస్తుంది, క్షయలాంటి జబ్బుల్లో మందుకు లొంగని సూక్ష్మజీవిని మిగులుస్తుంది.

గుజరాత్‌లో దీనికి చట్టం తోడవుతుంది. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని 1960లో రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచీ కొనసాగిస్తున్నారు. పర్మిట్ లేకుండా తాగడమే నేరం. ఆరోగ్య కారణాల మీద పర్మిట్ కావాలంటే వైద్య పరీక్షకు వెళ్లాలి, అది సాంచాల కార్మికుడి తాహతుకు అందే పని కాదు. వారాంతంలో దమణ్ వెళ్లి తాగొచ్చేవాడైనా, వాడలో సారా పొట్లీ కొనేవాడైనా, డాక్టరు ఎదుట 'అలవాటు లేదు' అనే అంటాడు. అలవాటు లేదన్నవాడికి డాక్టరు తేదీ చెప్పడు. మూడు పక్షాల వాదనా ఆ గుమ్మం బయటే ఆగిపోతుంది.

ఇంకా తేలనివి

సెఫ్ట్రియాక్సోన్‌కు సెఫోపెరజోన్‌కున్న కొస లేదు, అయినా మద్యంతో పడలేదన్న ఉదంతాలు చైనా నుంచి వస్తున్నాయి. కోట్రైమోక్సజోల్ మీద ఉన్నవి ఒకటి రెండు ఉదంతాలే. మెట్రోనిడజోల్ రక్తంలో కాకపోయినా పెద్దపేగులో అసిటాల్డిహైడ్ పెంచుతుందని ఫిన్‌లాండ్ వారే ఎలుకల్లో చూశారు. పేగులోని సూక్ష్మజీవుల కూర్పు మారడం వల్ల అలా జరుగుతుందని వారి ఊహ. కోర్సు అయ్యాక ఆ కూర్పు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో తాగితే ఏమవుతుందో మనుషుల్లో చూడాలి.

అరిష్టాల సంగతీ చర్చలోకి రావాలి. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం పులియబెట్టి చేసేవి, వాటిలో 10 శాతం దాకా మద్యం తయారవుతుంది. జీవితంలో చుక్క ముట్టని ఇల్లాలు బాలింతగా దశమూలారిష్టం తాగుతూ యాంటీబయాటిక్ సూదులూ తీసుకోవచ్చు. ఆమెను తాగుతావా అని ఎవరూ అడగరు, అడిగినా ఆమె జవాబు 'లేదు' అనే, అది అబద్ధమూ కాదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆ ద్రవం ఏమిటన్నది. పై లెక్కలన్నీ కొలత తెలిసిన, శుద్ధమైన మద్యానికి కట్టినవి. తెలంగాణ కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలం బయటపడుతూనే ఉన్నాయి. గుజరాత్ పొట్లీలో మిథనాల్ కలిసిన ఏడాది శవాలు లేస్తాయి, 2022 జులైలో బోటాద్ వైపు నలభై మందికి పైగా చనిపోయారు. మిథనాల్ తాగినవాడికి మొదట మామూలు మత్తే ఉంటుంది. అర రోజు నుంచి ఒక రోజు గడిచాక వాంతులు, కడుపునొప్పి, తలనొప్పి, ఆపైన చూపు మసకబారడం. యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నవాడైతే 'గోలీ మీద తాగాను, అందుకే పడలేదు, పడుకుంటే తగ్గుతుంది' అనుకుంటాడు. ఇంట్లోవాళ్లూ అదే అంటారు. యాంటీబయాటిక్ మీద తాగినందువల్ల సాధారణంగా కళ్లముందు పొగమంచులా కమ్మదు, చూపు పోదు. చూపు మసకబారిందంటే అది గోలీ పని అనుకోకూడదు, ముందు మిథనాల్‌నే అనుమానించాలి. అప్పుడు లెక్కపెట్టాల్సింది రోజులు కాదు, గంటలు. తాగిన సంగతి ఆస్పత్రిలో దాచకుండా చెబితేనే విరుగుడు అందుతుంది.